నమూనా దొంగ

పోలీసు స్టేషను హెడ్డుగారికి తెలిసిన పద్ధతి ఒక్కటే. ముందు వాంగ్మూలం రాసుకోవాలి, ఆ తరువాతే మనిషిని కూర్చోబెట్టి అడగాలి. పెళ్ళికొడుకును చూడకముందే శుభలేఖలు అచ్చు వేయించినట్టుంటుంది గానీ, ఆ పద్ధతిలో ఆయన సర్వీసంతా సాఫీగా గడిచిపోయింది. రాసిపెట్టుకున్నది ఎదురుగా ఉంటే ఏం అడగాలా అని తడుముకోనక్కర్లేదు. ఏం చెప్పాలా అని ఎదుటివాడూ తడుముకోనక్కర్లేదు. అలాగని ఆయన ఎవరిమీదా చెయ్యి చేసుకునే రకం కాదు. దైవభక్తి ఉన్నవాడు. పటానికి దణ్ణం పెట్టుకోనిదే గడప దాటడు. ఆయన రాసిన వాంగ్మూలం ముత్యాల్లాంటి అక్షరాలతో, ఒక్క కొట్టివేత లేకుండా, "నా బుద్ధి గడ్డి తిని" అని మొదలై "నన్ను క్షమించవలెను" అని ముగిసేది. చదువుకోవడానికి హాయిగా ఉంటుందని కోర్టువారు కూడా అనేవారు.

అలాంటి హెడ్డుగారి స్టేషనుకు కెమెరా వచ్చింది.

శాసనసభలో పెట్టడానికి కొత్త బిల్లొకటి తయారవుతోంది. దాని అసలు పేరు మూరెడు పొడుగు. జనం మాత్రం ఒప్పుకోలు బిల్లు అనేవారు. పోలీసులు ఎవరిని ప్రశ్నించినా కెమెరా ముందే ప్రశ్నించాలి. కెమెరా ముందు ఒప్పుకున్న మాటను తరువాత కాదనడానికి ఎవరికీ వీల్లేదు, ఒప్పుకున్నవాడికి కూడా. కేసులు కోర్టుల్లో ఏళ్ళ తరబడి నానకుండా ఒప్పుకున్న వెంటనే శిక్ష పడిపోవాలి. స్థూలంగా బిల్లు సంగతి అదీ. దాన్ని తలకెత్తుకున్న శాసనసభ్యురాలు నిజంగానే మంచి మనిషి. స్టేషన్లలో కొట్టి ఒప్పిస్తున్నారని విని బాధపడి ఆ బిల్లు రాయించింది. అది సభకు వెళ్ళేలోగా ఎలా పనిచేస్తుందో చూద్దామని కొన్ని స్టేషన్లలో నమూనాగా అమలు చెయ్యడానికి ఆర్డరు కూడా తెప్పించింది.

కెమెరాను గోడకు బిగించిన మనిషి నిచ్చెన దిగుతూ చెప్పాడు.

"ఇందులో పడ్డది పడ్డట్టే రాజధానికి పోతుందండీ. చెరపడానికి ఇక్కడ మీటా లేదు, అక్కడ మీటా లేదు. మేడమ్‌గారే అలా పెట్టించారు."

"చెరపాల్సిన అవసరం మాకేముందిలే" అన్నాడు హెడ్డుగారు.

శాసనసభ్యురాలు తన కమిటీని వెంటబెట్టుకుని విచారణ చూడడానికి వస్తోందని కబురు వచ్చిన రోజున లాకప్పు ఖాళీగా ఉంది. తాగి గొడవ చేసినవాడొకడు ఉండేవాడు గానీ, వాణ్ణి వాళ్ళావిడ వచ్చి చెవి పట్టుకుని తీసుకుపోయింది. ఇన్‌స్పెక్టరు నెత్తి గోక్కున్నాడు.

"దొంగ లేకుండా ఏం చూపిస్తామయ్యా వాళ్ళకి? పెళ్ళికూతురు లేని పెళ్ళిలా ఉంటుంది. ఎవరినైనా నమూనాగా కూర్చోబెట్టు. మనవాడై ఉండాలి. నోరు తిరిగినవాడై ఉండాలి. చివర్న నేనే లేచి, ఇది నమూనా అని చెప్పేస్తాను."

"చూస్తాను సార్" అన్నాడు హెడ్డుగారు. ఆయన మనసు అప్పటికే బావమరిది దగ్గరికి పోయింది.

బావమరిదికి బస్టాండు మూల చిన్న బంకు ఉంది. తాళాలు బాగుచేస్తాడు, మారు తాళంచెవులు కోస్తాడు. ఊళ్ళో చాలామంది ఇళ్ళ తాళాలు వాడి చేతిమీదుగా పోయినవే. ఇంట్లో ఎవరూ లేని వేళ కూడా "లోపలికెళ్ళి బీరువా తాళం చూడవయ్యా" అని ఇల్లు అప్పజెప్పి పోయేవారు. ఆ నమ్మకమే వాడి పెట్టుబడి. సరదా మాత్రం నాటకాలు. కార్మికుల క్లబ్బులో ఏ నాటకం వేసినా ఏడ్చే పాత్ర వాడిదే.

హెడ్డుగారు వెళ్ళేసరికి వాడు ఒక తాళంకప్పను చెవి దగ్గర పెట్టుకుని ఆడిస్తున్నాడు.

"ఒరేయ్, ఒక వేషం ఉంది, వేస్తావా?"

"ఏం వేషం బావా?"

"దొంగ వేషం."

"మా అక్కను చేసుకున్నావు. అసలు దొంగవు నువ్వుండగా నాకెందుకు?"

"వెటకారం తరువాత. ఎమ్మెల్యే గారు చూస్తారు, పేపర్లవాళ్ళు చూస్తారు. కెమెరా కూడా ఉంటుంది."

కెమెరా అనేసరికి వాడి కళ్ళు మెరిశాయి. "డైలాగులు ఉన్నాయా?" అన్నాడు తాళం పక్కనపెట్టి.

హెడ్డుగారు అప్పుడే రాసి తెచ్చిన వాంగ్మూలాన్ని అందించాడు. అది ప్రభుత్వాసుపత్రిలో నీళ్ళ మోటారు పోయిన కేసు. మోటారు లేక రోగులు బిందెలతో నీళ్ళు మోసుకుంటున్నారని ఊరంతా తిట్టుకుంటున్న కేసది. నమూనాకు కల్పించిన కేసు పెట్టొచ్చు కదా అని ఎవరైనా అడగవచ్చు. కెమెరా యంత్రం కేసు నంబరు ఇవ్వనిదే వెలగదు, అది ఒక కారణం. రెండోది, జరగని దొంగతనానికి వాంగ్మూలం రాయడానికి హెడ్డుగారికి చెయ్యి రాలేదు. ఎంతైనా ఆయన అబద్ధాలు రాసే మనిషి కాదు.

బావమరిది కాగితం చదివి పెదవి విరిచాడు.

"ఏడుపు తక్కువగా ఉంది బావా."

"ఉన్నంతలో కానియ్."

వాడు ఉన్నంతలో కానివ్వలేదు. కమిటీవాళ్ళు వరసగా కుర్చీల్లో కూర్చున్నాక, ఎర్రదీపం వెలిగాక, హెడ్డుగారు రాసిపెట్టుకున్న ప్రశ్నలు ఒక్కొక్కటే అడిగాడు. ఇష్టపూర్వకంగానే చెబుతున్నావా అంటే, "ఇష్టపూర్వకంగానే బాబూ, నన్నెవరూ బలవంతపెట్టలేదు" అన్నాడు బావమరిది. మోటారు విప్పిన విధానం చెప్పాడు. బస్తాలో చుట్టి భుజాన వేసుకుని పోయానన్నాడు. అక్కడిదాకా కాగితంలో ఉన్నదే. ఆపైన సొంత సరుకు దించాడు. బిందె ఎత్తలేక ఒక బాలింతరాలు మెట్లమీద కూలబడిందని తెలిసిన రోజు నుంచి తనకు అన్నం సయించడం లేదని, దాహమేసి నీళ్ళు తాగబోతే గ్లాసులో ఆమె ముఖమే కనబడుతోందని చెప్పి, బల్లమీద తల ఆనించి వెక్కివెక్కి ఏడ్చాడు. రాసిన ఆయనకే గుండె కలుక్కుమంది. ఇంతకీ నిజంగా వీడే తీశాడా అని హెడ్డుగారికి ఒక్క క్షణం అనుమానం కూడా వచ్చింది.

శాసనసభ్యురాలు కళ్ళు తుడుచుకుంటూ లేచింది.

"దెబ్బ లేదు, తిట్టు లేదు. మనిషిని మనిషిలా అడిగితే మనసు విప్పి చెప్పాడు. నేను కోరుకున్నది ఇదే. ఇన్‌స్పెక్టరు గారూ, మీ స్టేషన్ని రాష్ట్రానికి ఆదర్శంగా చూపిస్తాను."

పేపర్లవాళ్ళు చప్పట్లు కొట్టారు. ఇన్‌స్పెక్టరు నమూనా సంగతి చెప్పడానికే లేచాడు, ఆ మాట వాస్తవం. కానీ ఆదర్శమన్న మాట చెవిన పడ్డాక నోట్లో నమూనా అన్న మాట మిగల్లేదు. "అంతా మీ దయ మేడమ్" అని కూర్చున్నాడు.

సాయంత్రానికి ఊరంతా పొక్కిపోయింది. ఆసుపత్రి మోటారు దొంగ దొరికాడు, తాళాలు బాగుచేసేవాడేనట, కెమెరా ముందు కుళ్ళికుళ్ళి ఏడ్చాడట. బావమరిది లాకప్పులో కటకటాలు పట్టుకుని, "బావా, వేషం తియ్యొచ్చా ఇంక?" అన్నాడు. హెడ్డుగారు ఇన్‌స్పెక్టరు గదిలోకి పరిగెత్తాడు.

"సార్, వాడు మా బావమరిది. నమూనా అని చెప్పేస్తామన్నారు కదా."

"నోరు పెగల్లేదయ్యా. అంతమంది చప్పట్లు కొడుతుంటే ఎలా చెప్పమంటావు?"

"బిల్లు ఇంకా చట్టం కాలేదు కదా సార్."

"కాలేదు. నమూనా అమలు ఆర్డరుంది. దాని ప్రకారం కెమెరా ముందు చెప్పింది ఖాయం. ఎనక్కి తీసుకునే సెక్షను అందులో పెట్టలేదు. డబ్బిచ్చో బెదిరించో ఎనక్కి తీసుకునేలా చేస్తారని మేడమ్‌గారు కావాలనే తీయించేశారు."

"మరి వాడి గతేంటి సార్?"

"జైలే. మూడేళ్ళకి తక్కువ పడదు." ఇన్‌స్పెక్టరు గొంతు తగ్గించాడు. "అసలు దొంగను పట్టుకొచ్చి అదే కెమెరా ముందు కూర్చోబెట్టు. అదొక్కటే దారి."

హెడ్డుగారు కుడితిలో పడ్డ ఎలుకలా ఇల్లు చేరాడు. భార్య గుమ్మంలోనే నిలబడి ఉంది. లోపలికి రమ్మనలేదు, పొమ్మనలేదు.

"మా నాన్న మీకు పిల్లనిచ్చాడు గానీ కొడుకునివ్వలేదు. వాణ్ణెందుకు పట్టుకుపోయారు?"

"వేషం అనుకున్నానే."

"మీకు వేషం, వాడికి బతుకు. ఎదురింటావిడ ఇందాకే వచ్చి వాడు చేసిన తాళం తీసేసి కొత్తది వేయించుకుంటున్నానని నాతోనే చెప్పి పోయింది. మనసులో పెట్టుకోకు వదినా అని కూడా అంది." ఆమె కొంగుతో ముక్కు తుడుచుకుంది. "వాణ్ణి తీసుకొచ్చాకే మీరు నాతో మాట్లాడండి."

మర్నాడు హెడ్డుగారు ఉద్యోగంలో ఎన్నడూ చెయ్యని పని చేశాడు. నేరం జరిగిన చోటికి వెళ్ళాడు.

ఆసుపత్రి వెనక నుయ్యి ఉంది. దాని పక్కన మోటారు ఉండాల్సిన దిమ్మ ఖాళీగా ఉంది. హెడ్డుగారు వంగి చూశాడు. బోల్టులు పగలగొట్టినట్టు లేదు, తీరిగ్గా విప్పి వరసగా పక్కన పెట్టినట్టుంది. దొంగ ఇంత పొందికగా ఉంటాడా అనుకుంటూ స్టోరుకీపరు దగ్గరికి వెళ్ళాడు. ఆయన కళ్ళజోడు తుడుచుకుంటూ తాపీగా విన్నాడు.

"మోటారెక్కడికి పోతుంది? వెనక షెడ్డులో గోనెసంచుల కింద ఉంది."

"ఉందా? మరి పోయిందని ఫిర్యాదు ఇచ్చారు కదండీ?"

"ఇచ్చాం. అది కాలిపోయింది. కాలిపోయిందంటే రిపేరు చేయించుకోమంటారు, రిపేరుకు శాంక్షను రాదు. పోయిందంటే కొత్తది ఇస్తారు, కాకపోతే పోలీసు ఫిర్యాదు నకలు జతచెయ్యాలి. అందుకని మీకు ఫిర్యాదు ఇచ్చాం. అన్ని ఆఫీసుల్లోనూ ఉన్న పద్ధతేగా."

"పోలీసులు వెతికితే దొరికిపోతుందని భయం లేదా మీకు?"

స్టోరుకీపరు ఆయన వంక వింతగా చూశాడు. "ఎప్పుడైనా వెతికారా?"

 హెడ్డుగారు షెడ్డుకెళ్ళి గోనెసంచులు ఎత్తి చూశాడు. గుండెల మీద నుంచి బండ దిగినట్టయింది. దొంగతనమే జరగనప్పుడు ఇక దొంగెక్కడ? మోటారును రిక్షాలో వేసుకుని ఊరేగింపులా స్టేషనుకు తెచ్చాడు. ఇన్‌స్పెక్టరు దాని చుట్టూ ఒకసారి తిరిగి, వెంటనే శాసనసభ్యురాలికి ఫోను చేశాడు. మోటారు దొరికింది మేడమ్ అన్నది ఒక్కటే ఆయన చెప్పగలిగింది. అవతల ఆవిడ సంతోషం పట్టలేక మిగతాది చెప్పనివ్వలేదు. ఒప్పుకున్నాడు, సొత్తు కూడా దొరికింది, బిల్లు గెలిచింది అంది. అటువంటివాళ్ళ కోసం బిల్లులో ఒక దయగల సెక్షను ఉందని, దాని కింద అతనికి శిక్ష తీసేసి, మారిన మనిషిగా సభ పెట్టి పరిచయం చేసి, దండ వేసి ఇంటికి పంపుతానని, తానే స్వయంగా వస్తానని చెప్పింది.

"విన్నావుగా" అన్నాడు ఇన్‌స్పెక్టరు ఫోను పెట్టేసి. "జైలు తప్పింది. పైగా దండ. మీ వాడి అదృష్టం."

హెడ్డుగారు లాకప్పు దగ్గరికెళ్ళి సంగతి చెప్పాడు.  బావమరిది నేల మీద కూర్చుని కటకటాలకు వేసిన తాళంకప్పనే చూస్తున్నాడు.

"ఈ తాళం గట్టి తాళం కాదు బావా, పుల్ల పెట్టి తీసేయొచ్చు. చెప్పాలని రెండ్రోజులుగా అనుకుంటున్నాను."

"నేనేం చెబుతున్నానో విన్నావా?"

"విన్నాను. నేను ఏ నేరమూ చెయ్యలేదని నీకు తెలుసు, నాకు తెలుసు, ఆ మోటారుకు కూడా తెలుసు. జైలుకు పోతే, బయటికొచ్చాక అది తప్పుడు కేసని పదిమందికి చెప్పుకుంటాను. కొందరైనా నమ్ముతారు. మారిన దొంగనని దండ వేయించుకుంటే చెప్పుకోడానికి ఏం మిగులుతుంది? మారడమంటే ముందు దొంగనయ్యుండాలి కదా. ఎవరింటి తాళం ఎవరిస్తారు నాకు?"

"ఇంటికైతే వస్తావు కదరా."

"వస్తాను. వచ్చి ఏం చెయ్యాలి? అక్క పెట్టింది తింటూ నీ యూనిఫారం ఇస్త్రీ చెయ్యాలా?"

వాడు కోపంగా అని ఉంటే హెడ్డుగారు భరించేవాడే. వాడు మామూలుగా, లెక్క చెప్పినట్టు చెప్పాడు. ఆయన తిరిగి బల్ల దగ్గరికొచ్చి కూర్చున్నాడు. దండ వేసే సభ కోసం ఇన్‌స్పెక్టరు ఒక పని అప్పగించాడు, బావమరిది చదవాల్సిన పశ్చాత్తాప ప్రసంగం రాయాలి. కాగితం తీసి, అలవాటు కొద్దీ "నా బుద్ధి గడ్డి తిని" అని మొదలుపెట్టాడు. ఆ తరువాత కలం కదల్లేదు. ఎవరి బుద్ధి అన్న ప్రశ్న ఆయనకు మొదటిసారి వచ్చింది.

సభ స్టేషను ఆవరణలోనే జరిగింది. షామియానా వేశారు, కుర్చీలు వేశారు. మారిన మనిషి ప్రమాణం కూడా రాజధానికి చేరాలని కెమెరాను లోపలి నుంచి తెచ్చి స్తంభానికి కట్టారు. శాసనసభ్యురాలు చేతిలో దండతో నిలబడింది. హెడ్డుగారి భార్య చివరి వరసలో కూర్చుని ఉంది. మొగుడి వైపు చూడడం లేదు. బావమరిదిని తెచ్చి కెమెరా ముందు కుర్చీ దగ్గర నిలబెట్టారు. ఎర్రదీపం వెలిగింది.

వాడు కూర్చోబోయేలోగా హెడ్డుగారు వచ్చి ఆ కుర్చీలో కూర్చున్నాడు.

"ఇదేంటయ్యా?" అన్నాడు ఇన్‌స్పెక్టరు పళ్ళ బిగువున.

హెడ్డుగారు కెమెరా వైపే చూశాడు. చేతిలో కాగితం లేదు. రాసుకోకుండా మాట్లాడడం ఆయనకు అలవాటు లేదు, అందుకని మాటలు ముందూ వెనకా అయ్యాయి.

"నేను ఈ స్టేషను హెడ్‌కానిస్టేబుల్ని. ఇతను మా బావమరిది. ఇతను మోటారు తియ్యలేదు. అసలు మోటారు ఎవరూ తియ్యలేదు, అది ఆసుపత్రి షెడ్డులోనే ఉంది. ఆ రోజు ఇతను చదివింది నేను రాసిచ్చిన కాగితం. ఏడుపు మాత్రం ఇతని సొంతం. నమూనా కోసం అనుకున్నాం. నమూనా అని చెప్పాల్సిన చోట చెప్పలేదు. తప్పు నాది. ఇష్టపూర్వకంగానే చెబుతున్నాను, నన్నెవరూ బలవంతపెట్టలేదు."

 శాసనసభ్యురాలి చేతిలో దండ కిందికి జారింది. ఆవిడ కెమెరా మనిషి వైపు తిరిగింది.

"దీన్ని తీసేయండి."

"తీయడానికి లేదు మేడమ్. మీరే వద్దన్నారు."

"అయితే ఆ అబ్బాయి ముందు చెప్పింది?"

"అదీ ఉంటుంది మేడమ్. రెండూ ఉంటాయి. రెండూ ఖాయమే."

కమిటీలో ఒక పెద్దాయన గొంతు సవరించుకున్నాడు. ఒకే మోటారును ఒకతను దొంగిలించినట్టూ ఖాయం, ఎవరూ దొంగిలించనట్టూ ఖాయం, ఇప్పుడు శిక్ష ఎలా వెయ్యాలన్నది తనకు అర్థం కావడం లేదన్నాడు. మిగతా సభ్యులు కూడా తమకూ అర్థం కావడం లేదన్నారు. అందరూ లేచి లోపలి గదిలోకి వెళ్ళి తలుపు వేసుకున్నారు. బయట బావమరిది కుర్చీ వెనక నిలబడి, "బావా, నువ్వు పైకి చూసి మాట్లాడాల్సింది, ముఖంలో సగం నీడ పడింది" అని గొణిగాడు. 

చాలాసేపటికి తలుపు తెరుచుకుంది. శాసనసభ్యురాలి ముఖం మళ్ళీ తేటపడింది. మంచి మనసున్నవాళ్ళకు దారి దొరక్కపోదు.

"బిల్లులో చిన్న లోపం ఉన్న మాట నిజమే. సవరిస్తున్నాం" అంది మైకులో. "నమూనా విచారణల్లో చెప్పిన మాటలు ఒప్పుకోలు కిందికి రావు అని కొత్త సెక్షను చేర్చాం. కనుక ఇతను నిర్దోషి. దొంగ కాదు, మారిన దొంగ కూడా కాదు. ఊరివాళ్ళందరూ వినండి, ఇతను ఎప్పుడూ దొంగ కాదు."

బిల్లులో మార్చింది ఆ ఒక్క వాక్యమే. మిగతాదంతా, చెప్పినవాడు కూడా కాదనడానికి వీల్లేదన్న మాటతో సహా, ఉన్నది ఉన్నట్టే శాసనసభకు వెళుతుందని చెప్పింది. జనం చప్పట్లు కొట్టారు. తెచ్చిన దండ వాడిపోతుందని ఇన్‌స్పెక్టరు మెళ్ళోనే వేశారు. ఎదురింటావిడ జనంలోంచి వచ్చి, "అప్పుడే అనుకున్నాను నాయనా, నీ ముఖం దొంగ ముఖం కాదు" అని బావమరిది చెయ్యి పట్టుకుంది. హెడ్డుగారి భార్య లేచి తమ్ముడి దగ్గరికొచ్చింది. వాడి చొక్కా దుమ్ము దులిపి, మొగుడి వైపు తిరిగి, "అన్నానికి వస్తారా మీరు?" అంది.

"మీరు పదండి, వస్తాను" అన్నాడు హెడ్డుగారు.

కుర్చీలు తీసేస్తున్నారు. కెమెరా మనిషి స్తంభం మీంచి కెమెరా విప్పుతున్నాడు. హెడ్డుగారికి మెమో వస్తుందని, రికార్డు గదికి మారుస్తారని ఇన్‌స్పెక్టరు అప్పటికే చెవిలో వేసి పోయాడు. ఆయన దానికి బాధపడలేదు. ఆ కుర్చీలో కూర్చున్నప్పుడు ఆయన భయం వేరు. ఈ ఒక్క వాంగ్మూలం నువ్వు రాశానంటున్నావు, మరి మిగతావాటి సంగతేమిటి అని ఎవరైనా అడుగుతారని ఆయన వణికిపోయాడు. అడగకుండా చూడు తండ్రీ అని లోపల్లోపల మొక్కుకున్నాడు కూడా. అంతమంది చదువుకున్నవాళ్ళు గదిలో తలుపు వేసుకుని అంతసేపు ఆలోచించారు. ఒక్కరూ అడగలేదు.

దేవుడు అంత తొందరగా ఎందుకు విన్నాడో ఆయనకు అర్థం కాలేదు. ఎర్రదీపం ఆరిపోయి ఉన్న ఆ కెమెరాను వాళ్ళు పెట్టెలో పెట్టి మూత వేసేదాకా హెడ్డుగారు అక్కడే నిలబడ్డాడు.